బ్రేక్ ఫ్లూయిడ్‌కు రెండేళ్ల గడువు ఎందుకు? మాన్యువళ్లలో అంకెలు ఎందుకు కలవవు?

సంక్షిప్తంగా: సాధారణ కార్లలో వాడే బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. తేమ పెరిగేకొద్దీ దాని మరుగు స్థానం తగ్గుతుంది, లోపలి లోహ భాగాలకు తుప్పు ముప్పు పెరుగుతుంది. ఈ మార్పు కారు తిరిగిన దూరం కంటే గడిచిన కాలం మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. అందుకే చాలా కంపెనీలు రెండు లేదా మూడేళ్ల గడువు పెట్టాయి. కారు మాన్యువల్ చెప్పిన గడువే మొదటి ప్రమాణం. అందులో స్పష్టత లేకపోతే రెండేళ్లు పాటించడం మంచిది. కొండదారుల్లో నిండు బరువుతో తిరిగే వాహనాలకు అంతకంటే ముందే మార్చడం అవసరం.

సర్వీసింగ్ బిల్లులో యజమానులు వెంటనే ప్రశ్నించే వరుసల్లో బ్రేక్ ఫ్లూయిడ్ మార్పు ఒకటి. ఇంజిన్ ఆయిల్ నల్లబడుతుంది, టైరు అరుగుతుంది, బ్యాటరీ నీరసిస్తుంది. వీటిని ఎందుకు మార్చాలో విడమరచి చెప్పనక్కర్లేదు. బ్రేక్ ఫ్లూయిడ్ విషయం అలా కాదు. డబ్బాలో ద్రవం గరిష్ఠ గీత దాకా నిండుగానే ఉంటుంది. పెడల్ తొక్కితే కారు ఎప్పటిలాగే ఆగుతుంది. రెండేళ్లలో పది వేల కిలోమీటర్లు కూడా తిరగని కారుకు ఈ ఖర్చు ఎందుకన్న సందేహం సహజం. దానికి తోడు ఒక కంపెనీ రెండేళ్లంటుంది, ఇంకొకటి మూడేళ్లంటుంది, మరికొన్ని మాన్యువళ్లు ‘పరీక్షించి అవసరమైతే మార్చండి’ అని ఊరుకుంటాయి. ఈ తేడాల వెనక ఉన్న కారణం తెలియాలంటే ముందు ఆ ద్రవం చేసే పని, అది పాడయ్యే తీరు తెలియాలి.

పెడల్ నుంచి చక్రం దాకా

బ్రేక్ పెడల్ తొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ ముందుకు జరిగి ద్రవాన్ని నెడుతుంది. ఆ ఒత్తిడి సన్నటి ఉక్కు గొట్టాల గుండా, చక్రాల దగ్గర వంగే రబ్బరు హోస్‌ల గుండా క్యాలిపర్ దాకా చేరుతుంది. అక్కడి పిస్టన్ బ్రేక్ ప్యాడ్లను డిస్క్‌కు అదిమి పట్టుకుంటుంది. డ్రమ్ బ్రేకులైతే వీల్ సిలిండర్ లోపలి నుంచి షూలను బయటికి తోస్తుంది. మూసిన పాత్రలోని ద్రవంపై పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందన్న పాస్కల్ సూత్రమే ఇక్కడ పనిచేసేది.

ఈ ఏర్పాటంతా ఒకే ఒక్క గుణం మీద నిలబడి ఉంది. ద్రవాన్ని నొక్కితే అది దాదాపు కుదించుకుపోదు. పెడల్ ఎంత కదిలితే చక్రం దగ్గర పిస్టన్ ఆ నిష్పత్తిలో కదలాల్సిందే. అదే చోట వాయువు ఉంటే కథ మారిపోతుంది. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి పిడిని నొక్కితే పిడి చాలా దూరం లోపలికి వెళ్తుంది గానీ బయట ఏ పనీ జరగదు. బ్రేక్ గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరినా అదే జరుగుతుంది. పాదం వేసిన బలం బుడగలను నలపడానికే ఖర్చయిపోతుంది, ప్యాడ్ల దాకా చేరదు.

ఇంకో సంగతి ఈ చర్చలో తరచుగా మరుగున పడుతుంది. ఇంజిన్ ఆయిల్ పంపు ద్వారా నిరంతరం తిరుగుతూ ఉంటుంది. బ్రేక్ ఫ్లూయిడ్‌కు అలాంటి ప్రయాణం లేదు. తొక్కినప్పుడు కాస్త ముందుకు, వదిలినప్పుడు కాస్త వెనక్కి కదలడం తప్ప క్యాలిపర్‌లోని ద్రవం చాలావరకు అక్కడే ఉండిపోతుంది. కాబట్టి అన్నిటికంటే ఎక్కువ వేడిని చూసే ద్రవమూ, పైన డబ్బాలో కనిపించే ద్రవమూ ఒకే స్థితిలో ఉంటాయని అనుకోకూడదు.

తేమ ఎక్కడి నుంచి వస్తుంది

సీసా మీద తరగతి పేరుగా డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 అని ముద్రించి ఉండే ద్రవాలు గ్లైకాల్ ఈథర్లతో తయారవుతాయి. డాట్ 4, డాట్ 5.1లలో వీటితో పాటు బోరేట్ ఎస్టర్లు కూడా ఉంటాయి. ఈ రసాయనాలకు నీటిని పీల్చుకునే స్వభావం ఉంది. చేరిన నీరు విడిగా అడుగున నిలవకుండా ద్రవమంతటా కలిసిపోతుంది.

ఒకరకంగా ఇది కావాలని ఎంచుకున్న గుణం. బ్రేక్ వ్యవస్థలోకి తేమ రాకుండా పూర్తిగా అడ్డుకోవడం కష్టం. ద్రవ మట్టం పెరిగి తగ్గుతుండాలి కాబట్టి డబ్బా మూతకు గాలి ఆడే సన్న దారి ఉంటుంది. రబ్బరు హోస్‌ల గోడల గుండా, సీళ్ల గుండా కూడా నీటి ఆవిరి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా లోపలికి పాకుతుంది. అలా వచ్చిన నీరు ద్రవంలో కలవకపోతే పల్లంగా ఉన్న చోట, అంటే సరిగ్గా వేడి ఎక్కువగా ఉండే క్యాలిపర్‌లోనే చుక్కలుగా పోగుపడుతుంది. అక్కడ వంద డిగ్రీలకే మరుగుతుంది, చలి ప్రాంతాల్లో గడ్డకడుతుంది. ద్రవమంతటా పరుచుకున్న నీరు దానికంటే చాలా నయం. సిలికాన్‌తో తయారయ్యే డాట్ 5 ద్రవానికి ఉన్న చిక్కు ఇదే. అది తేమను పీల్చుకోదు, కానీ లోపలికి వచ్చిన నీటిని తనలో కలుపుకోనూ లేదు. గాలిని మాత్రం కాస్త ఎక్కువగా కరిగించుకుని పెడల్‌ను మెత్తబరుస్తుంది. అందుకే ఏబీఎస్ (గట్టి బ్రేకుకు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న సాధారణ కార్లలో దాన్ని వాడరు. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5, డాట్ 5.1 పూర్తిగా వేరు ద్రవాలు. ఒకదానిలో ఇంకొకటి కలపకూడదు.

తేమ చేరే వేగం అన్ని చోట్లా ఒకటి కాదు. గాలిలోని తేమ, హోస్ తయారీలో వాడిన రబ్బరు, డబ్బా మూత నిర్మాణం, మూతను ఎన్నిసార్లు తెరిచారు అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. ఏడాదికి సుమారు ఒకటి నుంచి రెండు శాతం అని గ్యారేజీల్లో వినిపించే అంకె ఒక స్థూలమైన అంచనా మాత్రమే. కారు షెడ్డులో కదలకుండా ఉన్నంత మాత్రాన ఇది ఆగదు. కిలోమీటర్ల మీటరు కదలకపోయినా హోస్ చుట్టూ గాలి ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది. తక్కువగా తిరిగే కారుకు ఈ మార్పు అక్కర్లేదన్న వాదన నిలవకపోవడానికి ఇదే కారణం.

పొడి అంకె, తడి అంకె

అమెరికా రవాణా శాఖ ఇంగ్లీషు పేరులోని తొలి అక్షరాలే ‘డాట్’గా మారాయి. ఆ దేశపు మోటారు వాహన భద్రతా ప్రమాణం 116 ప్రతి తరగతికీ రెండు మరుగు స్థానాలను నిర్దేశిస్తుంది. సీలు తీసిన కొత్త ద్రవానికి ఒకటి, తేమ పీల్చుకున్న ద్రవానికి మరొకటి. ఈ రెండో స్థితిని సుమారు 3.7 శాతం నీరు చేరిన దశగా లెక్కిస్తారు.

కనీస అర్హత అంకెలు ఇలా ఉంటాయి. డాట్ 3కి పొడి స్థితిలో 205 డిగ్రీల సెల్సియస్, తడి స్థితిలో 140. డాట్ 4కి 230, 155. డాట్ 5.1కి 260, 180. మార్కెట్‌లోని మంచి ద్రవాలు ఈ కనీసాన్ని దాటే ఉంటాయి.

ఈ జంటల మధ్య దూరాన్ని గమనించాలి. డాట్ 4లో నాలుగు శాతం కూడా లేని నీరు 75 డిగ్రీల రక్షణను తినేస్తోంది. డాట్ 5.1లో అది 80 డిగ్రీలు. ఇంకా ముఖ్యమైన విషయం, ఈ పతనం సరళరేఖలా సాగదు. మొదట చేరే ఒకటి రెండు శాతం నీటికే మరుగు స్థానం బాగా దిగజారుతుంది, ఆ తర్వాత తగ్గుదల నెమ్మదిస్తుంది. అంటే నష్టంలో పెద్ద వాటా తొలి సంవత్సరాల్లోనే జరిగిపోతుంది. ‘ఇంకా 3 శాతం దాటలేదు కదా’ అని నింపాదిగా ఉండటానికి ఈ వక్రరేఖ అవకాశం ఇవ్వదు.

డాట్ 4లో తడిసిన ద్రవం (155) కొత్త డాట్ 3 (205) కంటే చాలా కింద ఉందన్నది కూడా గమనించదగినది. సీసా మీది తరగతి ఎంత పెద్దదైనా, ద్రవం పాతబడితే ఆ తరగతి ఇచ్చిన ఆధిక్యం పోతుంది. మెరుగైన తరగతి పోశాం కాబట్టి ఎక్కువ కాలం వదిలేయవచ్చని అనుకోవడం అందుకే పొరపాటు. పందెపు కార్ల కోసం తయారైన కొన్ని ద్రవాల పొడి మరుగు స్థానం 300 డిగ్రీలు దాటుతుంది. కానీ వాటిని పందేల మధ్య తరచుగా మార్చేస్తారు. రోజువారీ కారులో ఏళ్ల తరబడి ఉంచడానికి అవి ఉద్దేశించినవి కావు.

పెడల్ పట్టు తప్పేది ఎప్పుడు

నగరంలో నెమ్మదిగా నడిచే కారు బ్రేకులు ద్రవాన్ని మరిగించేంత వేడెక్కడం అరుదు. అందువల్ల ఆరేడేళ్లు ఫ్లూయిడ్ మార్చకుండా ఏ ఇబ్బందీ లేకుండా తిరిగిన కార్లు చాలానే ఉంటాయి. వాటి యజమానులు చెప్పేది అబద్ధం కాదు. ఆ కార్లకు పరీక్ష ఎదురు కాలేదు, అంతే.

పరీక్ష ఎలా ఉంటుందో చిన్న లెక్కతో చూడవచ్చు. 1,500 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆగితే బ్రేకులు గ్రహించే శక్తి సుమారు 0.58 మెగాజౌళ్లు. అదే కారు 500 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 7.4 మెగాజౌళ్లు. అంటే వంద వేగం నుంచి పన్నెండు పదమూడు సార్లు వెంటవెంటనే ఆగినంత. ఇందులో కొంత గాలి నిరోధానికి, కొంత టైర్ల రాపిడికి పోతుంది. డ్రైవరు తక్కువ గేరులో దిగితే గణనీయమైన భాగాన్ని ఇంజిన్ తీసుకుంటుంది. పెడల్ మీద పాదం ఉంచి దిగితే మాత్రం ఎక్కువ భాగం డిస్కుల మీదే పడుతుంది. డిస్క్ నుంచి ప్యాడ్‌కు, ప్యాడ్ నుంచి పిస్టన్‌కు, పిస్టన్ నుంచి దాని వెనకే ఉన్న ద్రవానికి వేడి పాకుతుంది.

ఒక మిల్లీలీటరు నీరు సాధారణ వాతావరణ పీడనంలో ఆవిరైతే దాదాపు 1.6 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. మాస్టర్ సిలిండర్ ఒక తొక్కుకు నెట్టగలిగే ద్రవం కొద్ది మిల్లీలీటర్లే. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే ప్రమాదం పరిమాణం అర్థమవుతుంది. లోపల ఉన్న నీటిలో అతి స్వల్ప భాగం ఆవిరైనా పెడల్ నేలకు తగలడానికి చాలు.

ఈ మరగడానికి ఒక వింత క్రమం ఉంది. పెడల్‌ను గట్టిగా తొక్కి ఉంచినంతసేపు గొట్టాల్లో ఒత్తిడి పదుల రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఒత్తిడి పెరిగితే మరుగు స్థానం కూడా పెరుగుతుంది కాబట్టి ఆ క్షణంలో ద్రవం మరగదు. పాదం తీయగానే ఒత్తిడి పడిపోతుంది, బుడగలు పుడతాయి. ఇక తర్వాతి తొక్కుకు పెడల్ అందదు. అంతవరకు చక్కగా పట్టిన బ్రేకు ఒక్క మలుపులో మాయమైనట్టు అనిపించడానికి కారణం ఇదే. వాహనం ఆగిన కాసేపటికి ఇది మరింత తీవ్రం కావచ్చు. కదులుతున్నంతసేపు డిస్కులకు తగిలే గాలి ఆగిపోతుంది, డిస్కులో నిల్వ ఉన్న వేడి మాత్రం క్యాలిపర్‌లోకి దిగుతూనే ఉంటుంది. దీర్ఘమైన దిగుడు తర్వాత కొద్దిసేపు ఆపి మళ్లీ బయలుదేరిన కారులో పెడల్ మెత్తబడి ఉండటం ఇలా జరిగేదే.

ప్యాడ్లు వేడెక్కి పట్టు సడలడం వేరే సమస్య. రెండింటినీ కలిపి చూడటం వల్ల తప్పు మరమ్మతులు జరుగుతాయి. ప్యాడ్ల సమస్యలో పెడల్ ఎప్పటిలా గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం ఆగదు. ద్రవం మరిగినప్పుడు పెడలే కిందికి జారిపోతుంది. వేడి తగ్గాక బుడగలు మళ్లీ ద్రవంగా మారిపోతాయి కాబట్టి గ్యారేజీకి వెళ్లేసరికి అంతా బాగానే కనిపిస్తుంది. ఘటన జరిగిన తర్వాత ఆనవాలు మిగలకపోవడం ఈ లోపంలో అన్నిటికంటే ఆందోళన కలిగించే అంశం.

మరగకపోయినా జరిగే నష్టం

కొండ ఎక్కని కారుకు కూడా గడువు ఎందుకన్న ప్రశ్నకు జవాబు తుప్పులో ఉంది. బ్రేక్ ఫ్లూయిడ్‌లో లోహాలను కాపాడే రసాయనాలు కలుపుతారు. అవి కాలక్రమంలో ఖర్చయిపోతాయి. తేమ పెరగడం, రక్షక రసాయనాలు తగ్గడం ఒకేసారి జరుగుతాయి.

దీనికి మంచి సూచిక రాగి. చాలా ఉక్కు బ్రేక్ గొట్టాలను లోపల రాగితో అతికి తయారు చేస్తారు. రక్షణ తగ్గినప్పుడు ఆ రాగి కొంచెం కొంచెంగా ద్రవంలో కరుగుతుంది. తర్వాత అది ఉక్కు, ఇనుము భాగాల తుప్పును వేగవంతం చేయగలదు. రాగి పాళ్లు పది లక్షలకు 200 భాగాలు దాటితే ద్రవం మార్చాలని కొన్ని సర్వీస్ మార్గదర్శకాలు చెబుతాయి. రంగు మారే చిన్న పట్టీతో దీన్ని కొలుస్తారు.

తుప్పు ప్రభావం పాత కారులో ఒకలా, కొత్త కారులో ఇంకోలా ఉంటుంది. పాత వ్యవస్థల్లో వీల్ సిలిండర్ గోడ గరుకుబారి సీళ్లు చిరుగుతాయి, క్యాలిపర్ పిస్టన్ బిగుసుకుంటుంది. వీటి మరమ్మతు తేలిక. ఏబీఎస్, స్థిరత్వ నియంత్రణ (కారు జారి అదుపు తప్పకుండా చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసే ఏర్పాటు) ఉన్న కార్లలో ద్రవం అతి సన్నని దారుల గుండా, వేగంగా తెరుచుకుని మూసుకునే విద్యుదయస్కాంత కవాటాల గుండా పోతుంది. అక్కడ చిన్న మడ్డి కణం చిక్కుకున్నా కవాటం సరిగా మూసుకోకపోవచ్చు. ఆ యూనిట్ మొత్తాన్ని మార్చాల్సి వస్తే అయ్యే ఖర్చుతో పోలిస్తే ద్రవం మార్పు ఖర్చు ఏమూలకూ రాదు. గడువు పాటించడానికి ఆర్థికంగా బలమైన కారణం ఇక్కడే ఉంది.

చలి ప్రాంతాల్లో మూడో కోణం కూడా కలుస్తుంది. తడిసిన ద్రవం చలిలో మరింత చిక్కబడుతుంది. స్థిరత్వ నియంత్రణ వ్యవస్థ సెకనులో చిన్న భాగం లోపలే ఒక్కో చక్రానికి ఒత్తిడి పెంచి తగ్గించాలి. చిక్కటి ద్రవం ఆ వేగాన్ని అందుకోలేదు. అందుకే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 4925లో పల్చటి ద్రవాల కోసం 6వ తరగతిని ప్రత్యేకంగా చేర్చారు. మైనస్ 40 డిగ్రీల దగ్గర సాధారణ డాట్ 4 చిక్కదనం 1,800 యూనిట్ల దాకా ఉండవచ్చు. 6వ తరగతికి ఆ పరిమితి 750 మాత్రమే. మాన్యువల్ ఈ తరగతిని అడిగిన కారులో మామూలు డాట్ 4 పోస్తే బ్రేకులు పనిచేస్తాయి గానీ నియంత్రణ వ్యవస్థ స్పందన మందగించే వీలుంది.

ఒక్కో కంపెనీది ఒక్కో అంకె

జర్మన్ కంపెనీలు బీఎమ్‌డబ్ల్యూ, మెర్సిడెస్ బెంజ్ చాలాకాలంగా రెండేళ్ల లెక్క పాటిస్తున్నాయి. ఫోక్స్‌వ్యాగన్ యూరప్‌లో కొత్త కారుకు మొదటిసారి మూడేళ్లకు, ఆ తర్వాత ప్రతి రెండేళ్లకు మార్చమంటుంది. హోండా అనేక మోడళ్లకు దూరంతో సంబంధం లేకుండా మూడేళ్లని చెబుతుంది. సుబారు అమెరికా షెడ్యూల్‌లో 30 నెలలు లేదా 30,000 మైళ్లు అని ఉంటుంది. టెస్లా కొన్ని మోడళ్లకు నిర్ణీత కాలానికి ద్రవాన్ని పరీక్షించి, అవసరమైతే మార్చమంటుంది.

రసాయనం ఒకటే అయినప్పుడు అంకెలు ఇన్ని ఎందుకు? ఏ అంకె అయినా ద్రవం చచ్చిపోయే తేదీని చెప్పదు. ఎంత రక్షణను చేతిలో ఉంచుకోవాలన్న తీర్పును చెబుతుంది. గంటకు 200 కిలోమీటర్లు దాటే వేగాలు, పొడవైన పర్వత మార్గాలు మామూలైన మార్కెట్‌ను దృష్టిలో పెట్టుకున్న ఇంజనీరు ఎక్కువ రక్షణ కోరుకుంటాడు. చదునైన రహదారులు, పరిమిత వేగాలు ఉన్న మార్కెట్‌కు అదే ఇంజనీరు గడువు పెంచగలడు. పెద్ద డిస్కులు, మంచి గాలి ప్రసరణ ఉన్న కారులో ద్రవం దాకా చేరే వేడి తక్కువ. తేమను తక్కువగా లోపలికి రానిచ్చే హోస్‌లు వాడితే తడి మందగిస్తుంది. వీటితో పాటు వ్యాపార కోణం కూడా ఉంది. నిర్వహణ ఖర్చు తక్కువని చూపించుకోవడానికి సర్వీసు పనుల జాబితాను కుదించాలనే ఒత్తిడి తయారీదారులపై ఉంటుంది. సర్వీసు కేంద్రాలకు జాబితా పొడవైతే లాభం. మాన్యువల్ చెప్పినదానికంటే ముందే మార్చమని ఒక కేంద్రం పట్టుబడితే కారణం అడగడం యజమాని హక్కు. వాడకం తీరును బట్టి చెబితే అందులో పస ఉంటుంది. ‘ఏడాది అయింది కాబట్టి’ అన్నది సాధారణ వాడకంలో సరైన కారణం కాదు.

మాన్యువల్‌లో ‘రెండేళ్లు లేదా ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందైతే అది’ అని ఉన్నప్పుడు తక్కువ తిరిగే యజమానులు రెండో భాగాన్నే గుర్తు పెట్టుకోవడం కనిపిస్తుంది. పైన చూసిన కారణాల వల్ల అలాంటి కార్లకు వర్తించేది మొదటి భాగమే.

పరీక్షలను ఎంతవరకు నమ్మవచ్చు

డ్యాష్‌బోర్డుపై వెలిగే బ్రేక్ దీపం తేమను కొలవదు. చాలా కార్లలో అది ద్రవ మట్టం తగ్గిందనో, హ్యాండ్‌బ్రేకు వేసి ఉందనో మాత్రమే చెబుతుంది. రంగు కొంత చెబుతుంది గానీ పూర్తిగా కాదు. కొత్త ద్రవం సాధారణంగా లేత పసుపు రంగులో ఉంటుంది. నల్లబడితే సీళ్ల నుంచో లోహాల నుంచో మలినాలు చేరాయని అర్థం. కానీ బాగా తడిసిన ద్రవం కూడా తేటగా కనిపించవచ్చు. నీటికి రంగు లేదు కదా.

గ్యారేజీల్లో ఎక్కువగా కనిపించే పెన్ను ఆకారపు పరికరం ద్రవం విద్యుత్ వాహకతను కొలిచి తేమ శాతాన్ని ఊహిస్తుంది. అయితే వాహకత ఒక్కో కంపెనీ ద్రవానికి దాని మిశ్రమాన్ని బట్టి మారుతుంది. అందువల్ల ఎర్ర దీపం వెలిగినా, ఆకుపచ్చ వెలిగినా అది తుది తీర్పు కాదు. ద్రవాన్ని నిజంగా వేడిచేసి మరుగు స్థానాన్ని చూపే పరికరాలు ఇంతకంటే నమ్మదగినవి. వాటికీ ఒక పరిమితి ఉంది. నమూనా తీసేది సాధారణంగా పై డబ్బా నుంచి, మరిగే ముప్పు ఉన్నది క్యాలిపర్‌లో. డబ్బాలోది ఫెయిలైతే మార్చాల్సిందేనని నిశ్చయంగా చెప్పవచ్చు. పాసైతే కింద కూడా బాగుందని అంత నిశ్చయంగా చెప్పలేం.

మట్టం తగ్గిన ప్రతిసారీ పైన పోసి నింపడం కూడా తప్పుదారి పట్టించే అలవాటు. ప్యాడ్లు అరిగేకొద్దీ క్యాలిపర్ పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆ ఖాళీలోకి ద్రవం దిగి డబ్బాలో మట్టం మెల్లగా పడిపోతుంది. అది ప్యాడ్ల అరుగుదలకు సూచన. మట్టం వేగంగా పడిపోతే ఎక్కడో లీకు ఉంది. కారణం చూడకుండా నింపితే రెండు సమాచారాలూ చెరిగిపోతాయి.

విద్యుత్, హైబ్రిడ్ కార్ల సంగతి

ఈ కార్లలో వేగం తగ్గించే పనిలో పెద్ద భాగాన్ని మోటారే చేసి ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది. ఘర్షణ బ్రేకులు వేడెక్కే సందర్భాలు తగ్గుతాయి. గడువు పొడిగించడానికి కొందరు తయారీదారులకు ఇది ఆధారం. తేమ చేరడం మాత్రం ఇక్కడా ఆగదు. పైగా వాడకం తగ్గడం వల్ల క్యాలిపర్లు కదలక తుప్పుతో బిగుసుకునే సమస్య పెరుగుతుంది. బ్యాటరీ పూర్తిగా నిండి ఉన్నప్పుడు మోటారు శక్తిని వెనక్కి తీసుకోలేదు. కొండ మీద చార్జింగ్ పెట్టుకుని నిండు బ్యాటరీతో దిగే కారుకు మొదటి కొన్ని కిలోమీటర్లలో ఘర్షణ బ్రేకులే ప్రధాన ఆధారం. ఈ కార్లు అదే పరిమాణంలోని పెట్రోలు కార్ల కంటే బరువైనవి కావడం వల్ల ఆ సందర్భంలో వేడి కూడా ఎక్కువే.

ఎవరికి ఎంత గడువు

సాధారణ వాడకానికి మాన్యువల్ గడువు చాలు. మాన్యువల్ దొరకని, లేదా అందులో ‘తనిఖీ’ అన్న మాట తప్ప ఏ అంకె లేని కారుకు రెండేళ్లు సహేతుకమైన లెక్క. తరచుగా కొండదారులు దిగే, ట్రెయిలరు లాగే, నిండు బరువుతో తిరిగే వాహనాలకు ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య మార్చడం అతి జాగ్రత్త అనిపించుకోదు. ఏడాది పొడవునా ఉక్కపోత ఉండే తీర ప్రాంతాల్లో మూడేళ్ల గడువును సాగదీయకపోవడం మేలు. పాత కారు కొన్నవారికి ద్రవం చివరిసారి ఎప్పుడు మారిందో రాతపూర్వక ఆధారం లేకపోతే, మారలేదనే అనుకుని వెంటనే మార్పించడం ఉత్తమం. పెద్ద దిగుళ్లున్న ప్రయాణానికి ముందైతే ఇది వాయిదా వేయదగిన పని కాదు.

మార్చే పని సరిగా జరిగిందా

డబ్బాలోని పాత ద్రవాన్ని పీల్చేసి కొత్తది పోయడాన్ని కొన్నిచోట్ల మార్పుగా లెక్కిస్తారు. ద్రవం గొట్టాల్లో తిరగదు కాబట్టి దానివల్ల క్యాలిపర్లలోని పాతది అక్కడే ఉండిపోతుంది. సరైన పద్ధతిలో ప్రతి చక్రం దగ్గర బ్లీడర్ స్క్రూ వదులు చేసి, స్వచ్ఛమైన ద్రవం వచ్చేదాకా పాతదాన్ని బయటికి పంపాలి. ఏ చక్రంతో మొదలుపెట్టాలన్నది గొట్టాల అమరికను బట్టి మారుతుంది, దానికి ఆ కారు సర్వీసు పుస్తకమే ఆధారం. మాన్యువల్ గేర్లున్న చాలా కార్లలో క్లచ్ కూడా ఇదే డబ్బా నుంచి ద్రవం తీసుకుంటుంది. ఆ గొట్టాన్ని మర్చిపోవడం మామూలుగా జరిగే లోపం. కొన్ని మోడళ్లలో ఏబీఎస్ యూనిట్ లోపలి ద్రవం కదలాలంటే స్కానర్‌తో పంపును, కవాటాలను నడపాలి.

పాత కారులో పెడల్‌ను అడుగంటా తొక్కుతూ బ్లీడింగ్ (ఇలా పాత ద్రవాన్ని బయటికి పంపడం) చేస్తే మాస్టర్ సిలిండర్ సీళ్లు ఎన్నడూ వెళ్లని, తుప్పు పట్టిన భాగంలోకి వెళ్లి చిరిగే ప్రమాదం ఉంది. ఒత్తిడితో ద్రవాన్ని పంపే పరికరం వాడితే ఈ ముప్పు ఉండదు. డాట్ 3, 4, 5.1 ఒకదానితో ఒకటి కలుస్తాయి గానీ మాన్యువల్ చెప్పిన తరగతి కంటే తక్కువది పోయకూడదు. ఇంజిన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ వంటి ఖనిజ నూనెలు కొద్దిగా పడినా రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. అప్పుడు ద్రవం మార్పుతో సరిపోదు, సీళ్లన్నీ మార్చాల్సి వస్తుంది. సీలు తీసి నెలల తరబడి అరలో ఉంచిన సీసాలోని ద్రవం అప్పటికే తేమ పీల్చుకుని ఉంటుంది కాబట్టి ప్రతిసారీ కొత్త సీసా తెరవాలి. కారు రంగు మీద ఫ్లూయిడ్ చుక్క పడితే రంగు ఊడుతుంది, వెంటనే నీటితో కడగాలి. తీసిన పాత ద్రవం విషపూరితం. దాన్ని కాలువలో పారబోయకుండా వాడేసిన ఆయిల్ సేకరించే చోట విడిగా అప్పగించాలి.

పని పూర్తయ్యాక కారు కదిలించకముందే ఇంజిన్ నడిపి పెడల్ తొక్కి చూడాలి. గట్టిగా, పాత ఎత్తులోనే నిలవాలి. మెత్తగా ఉన్నా, నొక్కి ఉంచితే మెల్లగా కిందికి జారుతున్నా లోపల గాలి మిగిలి ఉండవచ్చు, లేదా సీళ్లు దెబ్బతిని ఉండవచ్చు. ఆ కారణం తేలేదాకా బండిని రోడ్డు మీదికి తీసుకురాకూడదు.